లెక్కల్లో బాగుపడ్డ మా ఒడ్డు

వేదిక మీదున్న సర్వే ఆఫీసు డైరెక్టర్ బతీస్తా గారికి, ఈ దొమినికన్ ఊరు దాహబోన్ పెద్దలకి, వంతెన దాటొచ్చిన మా హైతీ వాళ్ళకి, వెనక వరసలో అప్పుడే కేకు మొదలెట్టిన మిత్రులకి నమస్కారం. నా పేరు కేనెల్. బడి మధ్యలో మానేసినవాణ్ణి. మైకు ఇచ్చింది మీరే, కాబట్టి తప్పు మీది. (నవ్వులు)

ఇవాళ రిటైరవుతున్న ఎనేదా అమ్మ నా మోటారు బండి వెనక కూర్చుని నదికి రెండొడ్లా ఇంటింటి సర్వే చేసింది. ఏ ఒడ్డున జనం ఎక్కువ ఇబ్బంది పడుతున్నారో తేలితే, రెండు దేశాలూ కలిసి కాన్పుల ఆసుపత్రి అక్కడే కడతాయన్నారు. ఇందులో తేలడానికేముందిలే అనుకున్నాం. మా వైపు కరెంటు లేదు, కుళాయి లేదు. మీ దొమినికన్ వైపు రెండూ ఉన్నాయి, బిల్లు కూడా వస్తుంది, అది మాత్రం కట్టరు.

కానీ ఇంటికి అతిథి వస్తే లేమి చూపించడం మాకు తలవంపులు. ఊళ్ళో ఉన్న మంచి కుర్చీలన్నీ అమ్మ కంటే ముందు పెరటిదారిన పరిగెత్తాయి. ఆవిడ ఏ ఇంటికెళ్ళినా అవే కుర్చీల్లో కూర్చుంది. ఫ్రిజ్ ఉందా అంటే మా అత్త క్లెర్సీ "ఎందుకు లేదు తల్లీ" అంది. ఉంది మరి. ఎలకలు దూరవని అందులో బట్టలు పెట్టుకుంటుంది. మాంసం తింటారా అంటే, ఆవిడ కోసమే కోసిన మేక పొయ్యి మీద ఉడుకుతోంది.

ఇక మీ వైపు, సర్కారు సాయం ఆగిపోతుందేమోనని టీవీకి దుప్పటి కప్పి, అదేంటని అడిగితే "పోయిన మా అత్తగారి ఫోటో" అన్న పెద్దమనిషి ఈ హాల్లోనే ఉన్నాడు. దుప్పటి కింద బేస్‌బాల్ మ్యాచ్ వినిపిస్తూనే ఉంది.

"ఒరే కేనెల్, నా పేరు చెప్పావంటే చూడు!"

నేను చెప్పలేదు ఫేయో బాబాయ్, నువ్వే చెప్పుకున్నావ్. (నవ్వులు)

లెక్కలు తీస్తే మా ఒడ్డే బాగుందని తేలింది. కట్టబోయే ఆసుపత్రి మీ ఒడ్డుకి రాసేశారు. మా అత్త కొన్నాళ్ళు మురిసిపోయింది కూడా, "చూశావా, వాళ్ళకంటే మనమే నయమట" అని. వానాకాలంలో మా పక్కింటి పిల్ల నొప్పులతో మీ వైపు డాక్టరు కోసం బయల్దేరి, రాత్రికి మూసేసిన వంతెన గేటు ముందే కన్నది. బిడ్డ దక్కలేదు. అప్పట్నించీ అత్త ఆ మాట అనట్లేదు.

మళ్ళీ సర్వే చేద్దామని ఎనేదా అమ్మ అడుగుతూనే ఉంది, డైరెక్టర్ గారు "చూద్దాం" అంటూనే ఉన్నారు. వచ్చే వారం పునాది వేస్తారట. ఇక అడిగేవాళ్ళు కూడా ఉండరు. సార్, ఆ గడియారం పెట్టె ఇచ్చేముందు, ఆవిడకేం కావాలో ఒక్కసారి అడగండి.

"నాకు గడియారం వద్దు బతీస్తా. పునాది ఆపు. ఇంకోసారి వెళ్ళొస్తాను, ఈసారి ఎవరికీ చెప్పకుండా."

"ఇంతమందిలో ఇరికించేశావు కదమ్మా ఎనేదా... సరే, వెళ్ళిరా."

(చప్పట్లు) అందరూ విన్నారుగా? సంతోషం. డైరెక్టర్ గారికి, అమ్మకి, ఓపిగ్గా కూర్చున్న మీకు దండాలు. మా ఆవిడ ఇస్మెనీకి ఏడో నెల. వంతెన గేటు సాయంత్రమే మూసేస్తారని కడుపులో ఉన్నవాడికి ఎవరూ చెప్పలేదు. అందుకే అమ్మా, మీ విశ్రాంతి కాస్త ఆలస్యమవుద్ది. బండి బయటే పెట్టాను. సెలవు.