చెప్పులేసుకోమన్న రోజు

"అవ్వా, తాత నీ చెయ్యి వట్టుకుని మొట్టమొదలు ఎక్కడికి నడిచిండే?" అని అడిగిన. అవ్వ కండ్లు చిన్నగ చేసి నా దిక్కు చూసింది.

చెయ్యెక్కడ వట్టిండు బిడ్డా. ఆయన రెండు చేతులల్ల రెండు చెప్పులుండె. చెప్త, జర ఓపిక వట్టు.

మేము నడిచింది అమ్రాబాద్ అడివిల నుంచి కొల్లాపూర్ దిక్కు. నాకప్పుడు ఏడో నెల, మీ నాయిన కడుపుల ఉన్నడు. మీ తాత దొర దగ్గర జీతం. జీతమంటె ఇప్పటి నౌకరి జీతం గాదు, మనిషిని కట్టేసి ఉంచేది. మీ ముత్తాత కరువుల దొర గరిసె నుంచి జొన్నలు తెచ్చుకున్నడు. తిన్నది ఒక్క ఎండకాలం. దానికి ఆయన చేసిండు, ఆయన పోయినంక కొడుకు చేస్తుండె. నా కడుపు చూసి దొర ఒకనాడు, "మొగపిల్లగాడైతె నా దూడలు కాస్తడు" అన్నడు. మంచిగనే అన్నడు, నవ్వుకుంట. మా అత్త అయితే, పుట్టకముందే పని దొరికిందని సంబురపడ్డది. ఆమెది వనపర్తి దిక్కులె, అమాయకపు మనిషి... ఆమె ముచ్చట వద్దుగని, నాకు మాత్రం ఆనాటి సంది అన్నం సయించలే.

ఆ యేడు కాయితం చేసే కంపెనీ ఒకటి అడివిల కంక బొంగులు, అదే వెదురు, కొట్టిపిస్తుండె. దొర మావోళ్ళందరిని ఆ పనికి పంపిండు. కొట్టేది వీళ్ళు, కూలి దొరకు. ఆడోళ్ళం అంబలి కాసుకుంట ఆడనే గుడిసెలల్ల ఉంటిమి. గప్పుడే సర్కారు కానూన్ తెచ్చిందట, జీతగాళ్ళతోని బలవంతాన పని చేపియ్యొద్దని. కంపెనీకి భయమైంది. మా బొంగులు కట్టువడ్డ మనుషులు కొట్టినయి గావద్దని, తనిఖీ చేసెటందుకు పట్నం నుంచి ఒక సాబును పంపింది. మంచి కంపెనీ. ఏనాడొస్తడో దొరకు ముందుగాలనే కబురు గూడ వెట్టింది.

నవ్వుతవేంది? నిజమే.

దొర అందరికి కొత్త చెప్పులు కుట్టిచ్చి బండిల ఏసుకొచ్చిండు. కుంచెడు జొన్నలకు జత వచ్చేటియి అప్పుడు. "సాబు వచ్చేటాల్లకు ఏసుకోండ్రి. కాళ్ళకు చెప్పులుంటెనే కూలోళ్ళ లెక్క కనవడ్తరు. ఆయన పోయినంక వాపస్ ఇయ్యాలె" అన్నడు. మీ తాత పుట్టి బుద్ధెరిగి చెప్పులు తొడుగలే. పొద్దుగాల ఏసుకుని గుడిసె ముందర అటు ఇటు నడుస్తుంటె, ఏం చెప్పాలె, మస్తు ముద్దొచ్చిండు. సరేతియ్.

సాబు జీపుల వచ్చిండు. కాదు కాదు, జీపులు తరువాతొచ్చినయి, మోటరు. మావోళ్ళు వరుసగ నిలవడ్డరు, చెప్పులు గిప్పులు ఏసుకుని. సాబు దిగిండు. ఆయన ఎనుక దొర దిగిండు. దొర కండ్లవడంగనే ఎవరు చెప్పలేదు, వరుస మొత్తం వంగింది. చెప్పులిడిసి చేతుల వట్టుకున్నరు. దొర ముందర చెప్పులతోని నిలవడే అలవాటు ఎవరి కాళ్ళకున్నది?

సాబుకు తెలుగు రాదు, తురకమే. మావోళ్ళకు తురకం రాదు. నడుమ మాట తిప్పి చెప్పేటోడు ఎవరనుకున్నవ్? దొరనే. నాకైతె తురకం వస్తది. మా అమ్మ నాగర్‌కర్నూల్ల ఒక సాయిబులింట్ల పని చేస్తుంటె, ఆ పిల్లలతోనే పెరిగిన గద. దొరకు ఆ సంగతి తెల్వదు.

"చెప్పులు చేతులల్ల ఎందుకున్నయి?" అన్నడు సాబు.

"కొత్తయి గద, అరుగుతయని. పొదుపు మనుషులు" అన్నడు దొర.

సాబు తల ఊపి మెచ్చుకున్నడు. మీ తాత ముందర ఆగి, "ఇష్టంతోని వచ్చినవా?" అని అడిగిండు. దొర అదే మాట తెలుగుల అడిగిండు. మీ తాతకు అబద్ధం రాదు. "మా దొర ఇష్టంతోనే పంపిండు, నీ బాంచెన్" అన్నడు.

"ఇష్టంతోనే వచ్చిండట" అన్నడు దొర.

గట్ల నడిచింది తనిఖీ. ఆఖరికి సాబు, "వీళ్ళు పోతమంటె పోనిస్తవా?" అన్నడు. "నాదేమున్నది, ఎవరు ఎప్పుడు పోతమన్నా పోవచ్చు" అన్నడు దొర, తురకంల.

ఇప్పుడు నోరు మూసుకుంటె కడుపులోడు దూడల కాడికే పోతడు. అంబలి గంటె కింద వెట్టి పోయి, తురకంలనే అన్న, "సలాం సాబ్. అట్లయితె నా మొగన్ని తీస్కపోత. ఇప్పుడే."

దొర నా దిక్కు చూసిండు, మేక మాట్లాడితె చూసినట్టు. ఏమంటడు? అన్న మాట సాబు చెవులల్ల ఉన్నది. "జావ్" అన్నడు.

ఇగ మీ తాత కదలడు. "దొర నాకేం చెప్పలే గదనే" అంటడు నాతోని మెల్లగ. ఏం మనిషి. సాబు చూస్తనే ఉన్నడు. నేనే దొర దిక్కు తిరిగి, "జర తెలుగుల చెప్పుండ్రి దొరా, ఆయనకు సమజైతలేదు" అన్న.

"పోరా" అన్నడు దొర.

దొర చెప్పిండు గాబట్టి వచ్చిండు మీ తాత. ఎనుకకు తిరిగి చూడకుంట కొల్లాపూర్ దాక నడిచినం. పుట్టి పడవల కృష్ణ దాటినం. దొర మాట చెల్లని ఒడ్డున, ఎవరిదో పశువుల కొట్టంల మీ నాయిన పుట్టిండు. దూడలు అక్కడ గూడ ఉండె, గని వీన్ని ఎవరు అడగలే.

మీ తాత తమ్ముడు మాత్రం ఆ వరుసలనే నిలవడి ఉండె. మస్తు యేండ్లకు తప్పిచ్చుకుని మా కాడికి వచ్చి చెప్పిండు. మేము కనుమరుగైనంక సాబు మస్తు ఖుష్ అయి దొర చెయ్యి వట్టి ఊపిండట. "నా కండ్ల ముందరనే ఇద్దరు పోయిన్రు, ఇంక బలవంతమెక్కడిది" అన్నడట. కంపెనీ ఆ అడివి పని మొత్తం దొరకే రాసిచ్చిందట. తమ్ముడు నవ్వుకుంట చెప్పిండు. మీ తాత ఆ దినం బువ్వ ముట్టలే.

రేపు నువ్వు గూడ ఏదో కంపెనీల చేరుతవు. మంచిగ చూస్తమనే చెప్తరు, చెప్పనియ్యి. ఇంటికి పోవాలనిపిస్తె అడగకుంట లేసి వచ్చేటట్టు ఉండాలె నీ బతుకు. నూరేండ్లు సల్లగుండు బిడ్డా. మీ తాత తమ్మునికి అట్ల లేసి వచ్చుడు... ఏమోలె, పాపం...