నాలుగు వేల మీటర్ల గాలి

గాలి కొలిచే ల్యాబు. మిషను ముందు కొలిచే మేడం, తలుపు దగ్గర, విమానంలో వెళ్ళి ఆ గాలిని సీసాల్లో పట్టి తెచ్చే పైలట్.

“నిలబడే వింటావా, కూర్చుంటావా?”

“నిలబడతాను మేడం. మళ్ళీ నా సీసాలే చెడ్డాయా?”

“చెడటం కాదు, పరువు తీశాయి. కింద పట్టినవి బానే ఉన్నాయి. నాలుగు వేల మీటర్ల దగ్గర పట్టినవి చూడు, మీథేన్ ఎలా ఎగబాకిందో.”

“అంత పైన అంత మీథేన్ ఎక్కడిది? చెత్తకుప్పలదీ చిత్తడి నేలలదీ అయితే కిందే ఎక్కువుంటుందని మీరే అన్నారుగా.”

“అన్నాను. అందుకే కార్బన్ మోనాక్సైడ్ కూడా చూశా. రెండూ కలిసి ఇంతింత పెరిగాయంటే అది ఇంజిన్ పొగ. నువ్వు తెచ్చింది గాలి కాదు, పొగ.”

“నాలుగు వేల మీటర్లలో పొగేంటి మేడం?”

“నేనూ అదే అడుగుతున్నా. పైన లేని పొగ పైన పట్టిన సీసాలోకి ఎలా వచ్చింది? నువ్వు పైన పట్టలేదు కాబట్టి.”

“అంటే?”

“అంటే ఏముంది. రన్‌వే మీద ఇంజిన్ తిరుగుతుండగానే పంపు నొక్కి నింపేశావు. తర్వాత పైకెళ్ళి హాయిగా ఓ చుట్టు చుట్టి వచ్చావు.”

“ఆ మాట అనకండి మేడం. ఇన్నేళ్ళుగా నేను...”

“అనక, దండ వెయ్యాలా?”

“బయటి గాలి లాగే గొట్టం వదులైందనండి, ఒప్పుకుంటా. నా సీటు వెనకాలే పంపు. అక్కడ వదులైతే బయటి గాలి బదులు క్యాబిన్ గాలి లాగేస్తుంది. చూసుకోలేదనండి, పడతాను. దొంగ అనకండి.”

“క్యాబిన్ గాలైతే కింది సీసాలూ చెడాలిగా? పైవే ఎందుకు చెడ్డాయి?”

“పైన చలి.”

“ఏంటీ?”

“పైన చలి మేడం. పైకి వెళ్ళాకే హీటర్ వేస్తాను. కింద వెయ్యను.”

“వేస్తే?”

“ఆ హీటర్‌కి వేడి ఇంజిన్ పొగగొట్టం మీంచే వస్తుంది. పొగగొట్టం ఎక్కడైనా చిట్లితే పొగంతా నేరుగా క్యాబిన్‌లోకే. మేడం... ఆ సీసాల్లో ఉన్నది నేను పీల్చిన గాలి.”

“కథలు బాగా అల్లుతావు.”

“కథ కాదు. నెల రోజులుగా తల పగిలిపోతోంది. మొన్న దిగేటప్పుడు రన్‌వే రెండుగా కనబడింది. ఇంకాసేపు పైనే ఉంటే నేను ప్రాణాలతో దిగేవాణ్ణి కాదు.”

“తాగి ఎక్కినా రెండుగానే కనబడుతుంది.”

“నేను తాగనని మీకు తెలుసు.”

“నువ్వు దొంగవని మాత్రం నిన్నటిదాకా తెలీదు. మెకానిక్ మొన్నేగా చూసి విమానం బాగుందన్నాడు?”

“పైపైన చూశాడు. హీటర్ విప్పి చూడమనండి.”

“విప్పితే విమానం మూలన పడుతుంది. ఈ సీజనంతా నేనేం కొలవాలి, నీ నిట్టూర్పులా? ఆపే ప్రసక్తే లేదు. నీ బదులు నీ బామ్మర్ది ఎక్కుతున్నాడు. ఇవాళే.”

“వాడా? వాడికి చెయ్యి పట్టుకుని నేర్పింది నేను.”

“వాడే వచ్చి అడిగాడు. బావ పని అయిపోయింది మేడం, నాకివ్వండి అని.”

“ఎప్పుడు?”

“నీకు తల పగిలిపోతున్న రోజుల్లోనే.”

“రోజూ నా పక్కనే కూర్చుని అన్నం తింటాడు వాడు.”

“మీ ఇంటి గోల నాకెందుకు. నేను పైవాళ్ళకి ఫోన్ చేసి దొంగ సీసాలని చెప్పేస్తున్నా. ఇక నిన్ను ఏ విమానం దరిదాపులకీ రానివ్వరు.”

“ఒక్క మాట. వాడి సీసాలూ ఇలాగే వస్తే?”

“వస్తే?”

“పొగతో వస్తే. అప్పుడు నేను దొంగని కాదని ఒప్పుకుంటారా?”

“ఒప్పుకోక చస్తానా. అప్పుడది విమానం తప్పు.”

“అయితే వాడు దిగేదాకా ఫోన్ చెయ్యకండి.”

“సరే. దిగేదాకా.”

“మేడం, సీసాల పెట్టె తీసుకెళ్దామని... ఓహో, బావా, నువ్వూ ఇక్కడే ఉన్నావా. మొహం అలా వేలాడేశావేం?”

“ఏం లేదురా.”

“నా మీద కోపమా? ఎప్పటికైనా నాకు రావాల్సిన పనేగా. అక్కతో చెప్తే, మీ బావకంటే నువ్వే నయంరా అంది.”

“అందా.”

“సరదాకి అందిలే. అన్నట్టు, సీటు వెనక గొట్టం కాస్త వదులుగా ఉంది. బిగించేదా?”

“ముట్టుకోకు. దాన్ని అలాగే ఉండనీ.”

“నువ్వు చెప్తే సరే. ఇంకోటి, ఈ స్వెటరు. పైన కొయ్యబారిపోతావురా అని అక్క బలవంతాన తొడిగింది. చెయ్యి ఆడట్లేదు. ఇది లేకపోతే కష్టమా? మీరేమంటారు మేడం?”

“నన్నడక్కు. నాకు నాలుగు వేల మీటర్ల సీసాలు కావాలి, అంతే. మీ బావనే అడుగు.”

“చెప్పు బావా.”

“స్వెటరు విప్పి నాకిచ్చి వెళ్ళరా. పైకి వెళ్ళాక హీటర్ పూర్తిగా తిప్పుకో.”