నా ప్యాంటు వదులైన వైనం

"బావా! నీ చెల్లెలు మళ్ళీ కంచం తోసేసింది, తొందరగా రా!"

వీధి ఆ చివర నుంచి మా బావ పెట్టిన కేక అది. చేసేది టైలరు పని, గొంతు మాత్రం వేలంపాట వాడిది. పరుగున వెళ్ళి చూద్దును కదా, మా చెల్లెలు వరండాలో గోడకి జారగిలబడి ఉంది. మొహం పాలిపోయింది. లేవబోతే కళ్ళు తిరిగాయట. పక్కింటి పిన్ని విసనకర్రతో విసురుతోంది.

"నిన్న ఆఫీసులో కేకు ముక్క తిన్నానన్నయ్యా. సన్నబడాలని ఇన్నాళ్ళు నోరు కట్టుకున్నదంతా వృథా. అందుకే ఇవాళ ఏమీ ముట్టను."

"ఓసి పిచ్చిదానా! బస్సు నడిపేవాణ్ణి చెబుతున్నా విను. ఒక స్టాపు దాటిపోయిందని బస్సుని తీసుకెళ్ళి గుంటలో దింపుతామా? తరువాతి స్టాపులో ఆపుతాం, అంతే. తిండికైనా పట్టూ విడుపూ ఉండాలి. నన్ను చూడు! మొన్నమొన్నటిదాకా వంగి బూటు లేసు కట్టుకోలేనివాణ్ణి. ఏమీ మానలేదు. మధ్యాహ్నం గట్టిగా పట్టిస్తే రాత్రి తేలిగ్గా తినడం, ఎవరైనా కేకు పెడితే తినేసి రెండు వీధులు నడవడం. నెల తిరిగేసరికి ప్యాంటు వదులు!"

"నిజంగానా?" అంది పిన్ని.

"నిజమేమిటి పిన్నీ, అక్కడితో ఆగితేగా! నేను సీట్లో కూర్చుంటే బస్సుకే తెలియడం మానేసింది. తలుపు తీస్తే గాలికి వెనక సీటు దాకా కొట్టుకుపోయేవాణ్ణి. జేబుల్లో పానాలు, సుత్తి వేసుకుని నడిపాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకరోజు వంతెన మీద టైరు చూద్దామని దిగి, బరువుగా ఉందని సుత్తి పక్కన పెట్టానా, అంతే, లేచిపోయాను!"

"ఎక్కడికి?" అన్నాడు బావ, మెడలో టేపు సవరించుకుంటూ.

"పైకి! డాబాల మీదుగా! ఎవరో ఆవిడ బట్టలు తీస్తూ నన్నూ దులిపి, నాలుగు మడతలు పెట్టి బుట్టలో వేసింది."

చెల్లెలి పెదవి కదిలింది. ఇంకేం, నేను ఆగుతానా?

"అప్పుడు తెలిసిందే కిటుకు! కిందికి రావాలంటే బిస్కెట్టు, పైకి పోవాలంటే ఆ పూట ఒక ముద్ద తక్కువ. అలా దిగుతూ ఎక్కుతూ, నా బస్సు కన్నా ముందు నేనే డిపో చేరాను! నమ్మరా? ఇదిగో ప్యాంటు, పిడికిలి దూరుతోంది చూడండి!"

బావ గొంతు సవరించుకున్నాడు.

"బావా, అది నా చేతి పని. అక్కయ్య, అదే మీ ఆవిడ, నెలనెలా నీ ప్యాంట్లు తెచ్చిస్తుంటే, నడుం దగ్గర లోపల వదిలిన గుడ్డ విప్పి వదులు చేస్తూ వచ్చాను. నువ్వు చిన్నబుచ్చుకుంటావని చెప్పొద్దంది."

నేను నడుం పట్టీ తిప్పి చూసుకున్నాను. నిజమే, పాత కుట్టు గీతలు వరసగా ఉన్నాయి.

"అయితే ఒకటి," అన్నాడు బావ. "రెండు నెలలుగా అక్కయ్య ఒక్క ప్యాంటూ తేలేదు. నడుం పెరగడం ఆగింది."

"చూశారా!" అన్నాను.

చెల్లెలు పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "ఆ కేకు ముక్కకి రెండు వీధులు నడిస్తే సరిపోతుందా అన్నయ్యా?"

"రేపు నడుద్దువుగాని. ఇవాళ నిలబడు చాలు."

"ఆ కంచం ఇలా ఇవ్వండి," అంది మొగుడితో.

పిన్ని లోపలికెళ్ళి ఇంకో నాలుగు కంచాలు తెచ్చింది. మావిడకి కబురు పెడితే, కూర గిన్నెతో సహా వచ్చేసింది. అందరం నేల మీద గుండ్రంగా కూర్చున్నాం. చెల్లెలు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక నేను కంచం ముందుకు జరిపాను.

"నాకు కాస్త ఎక్కువే వడ్డించవే. బయట గాలి జోరుగా ఉంది."