తవుడికి కొన్న పిల్ల

"నానమ్మా, సరోజ్ ఆంటీ మనవరాల్ని చేటలో ఎందుకు పడుకోబెట్టారు? టేప్ ఆన్ చేశాను, చెప్పు."

అదా... ఇనుకో మరి. సరోజ్ వాళ్ళు ఫిజీలో గొడవలయ్యాక హారిస్ పార్క్ వచ్చేసేరు కదా, మన కింద ఫ్లాట్‌లోకి. మనోళ్ళే, కానీ తెలుగు ముక్క రాదు, వచ్చీరాని హిందీలోనే మా మాటలు. ఓ మధ్యాహ్నం కాయితం పట్టుకొచ్చింది. లైబ్రరీలో పాత ఓడ చిట్టాల ఫిల్ము రీళ్ళు తిప్పీ తిప్పీ వాళ్ళ ముత్తమ్మమ్మని పట్టుకుందట. చెరుకు తోటలకి ఓడల్లో తోలుకుపోయేరే, గిరిమిట్ కూలీలని, ఒప్పందం రాయించుకుని... పేరుకే కూలీలు, బానిస బతుకే అది. తవిటమ్మ, విజయనగరం వైపు, ముక్కు కుట్టిన మచ్చ. అంతే ఉంది. మా ముసలమ్మ బతుకు ఇంతేనా అని సరోజ్ ఏడుపు.

ఇంతేటి, బోలెడుంది అన్నాను. మా అమ్మమ్మ చెల్లెలు... కాదు కాదు, మా నాన్న మేనత్త, ఆవిడా తవిటమ్మే. పుట్టినోళ్ళు పుట్టినట్టే పోతుంటే, తర్వాతి బిడ్డని చేటలో పెట్టి పెంట మీద పడుకోబెడతారు. పక్కింటావిడొచ్చి గుప్పెడు తవుడు పోసి, ఈ పిల్ల నాది, నువ్వు పెంచు అంటాది. తవుడికి ధరేటి ఆ రోజుల్లో, ఊరికే ఇచ్చేవోరు. ముక్కూ కుడతారు, తవిటమ్మని పేరెడతారు. ఇక చావు ఆ తల్లి గుమ్మం తొక్కదని. మీ ముసలమ్మని వాళ్ళమ్మ బతకాలని అమ్మింది, ఓడవాళ్ళు పనికని కొన్నారు అని చెప్పేను.

సరోజ్ మొహం పాలిపోయింది. దాని కూతురికి ఇద్దరు పుట్టి పోయేరు మరి, మూడో కాన్పుకి నెలలు నిండేయి. "ఆంటీ, ఈ బిడ్డని మీరు కొంటారా?" అంది.

వెస్ట్‌మీడ్ ఆసుపత్రి నుంచి పాపని తెచ్చేక, వెనకాల చెత్త బిన్నుల పక్కన చేటలో పెట్టేం. ఇక్కడ పెంటెక్కడిది? పట్టపగలే, ఎండ మండిపోతోంది. తవుడు దొరక్క గోధుమ పొట్టు పొట్లం తెచ్చేను. కొనే మనిషిని చూడకూడదు కదా, తల్లీ సరోజూ గోడవైపు తిరిగి నిలబడ్డారు. నేను మలుపు తిరిగొచ్చి వంగేను. పొట్లం ఇంకా విప్పనేలేదమ్మా. చేటలో, పిల్ల కాళ్ళ దగ్గర, గుప్పెడు తవుడుంది. మన దంపుడు తవుడు, ఎర్రగా. ముట్టుకుంటే వెచ్చగా ఉంది, అప్పుడే రోట్లోంచి తీసినట్టు.

వెనక ఎవరో నిలబడ్డట్టే ఉంది, తిరిగి చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

పాప బాగానే ఉంది, చూస్తున్నావు కదా, మెట్లెక్కి దిగి చంపుతోంది. నేనే కొన్నానని సరోజ్ అనుకుంటోంది. అనుకోనీ, నువ్వు చెప్పకు. ఆవేళ ఈ పిల్ల నాది అనాల నేను. నోరు రాలేదు. "నీ పిల్లే తవిటమ్మ తల్లీ, వీళ్ళు పెంచుతారు" అనీసేను, వెనక్కి తిరక్కుండానే. ఎవరో ఊపిరొదిలినట్టయింది.

సరే, నువ్వూ చల్లగా ఉండమ్మా, నీ కడుపున పుట్టినోళ్ళూ... ఆ టేపు ఆపు, చాల్లే.