ఉంజింటో అవ్వ ప్రార్థన

డర్బన్, 2003. విశ్వవిద్యాలయ గ్రంథాలయం వెనకగది, మధ్యాహ్నం. పాత పరిశోధన పత్రికలను కంప్యూటర్లోకి ఎక్కిస్తున్న సరస్, ఆమెకు పని చూపే గిరిధరరావు.

"నవ్వు ఆపి సెప్పు తమ్ముడూ. ఏటి రాసున్నాది అక్కడ?"

"పైకి చదవలేనక్కా. మీ ముందు అనే మాటలు కావు."

"నాకు యాబై రెండేళ్ళు. సదువు."

"ఈ వ్యాసం రాసినాయన తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చేశాడు. 'నీ నోట మన్ను పడ, నీ కొంప కూల.' దాని కింద అర్థం. 'భూదేవీ, మా నోటికి అన్నం పెట్టు, మా ఇంట నిలిచి ఉండు.' చెరకు కోతకి ముందు చేసే ప్రార్థనట. ఏలూరులో మా మేనత్త పాలవాడికి రోజూ ఈ ప్రార్థనే చదివేది."

"అది మా అవ్వ మాట. ఉంజింటో చెరకు తోటలో, కూలీల బారక్సులో, నా ముందరే అన్నాది."

"ఎవర్ని? ఈ ప్రొఫెసర్ కీత్‌నా?"

"ఆడినే. టేపు మిషను పట్టుకొచ్చి, బూట్లతో దేవుడి దీపం కాడికి పోయి నిలబడినాడు. పాడు, మళ్ళీ పాడు అంటాడు. పొయ్యి మీద అన్నం మాడతా ఉన్నాది. అవ్వ తిట్టినాది. ఆడు తలూపుకుంటా టేపు సేసుకున్నాడు."

"మరి ప్రార్థన అని ఎవరు చెప్పారు?"

"టీ సల్లారిపోతాది, తాగు."

"ఎవరో చెప్పి ఉండాలి కదా."

"ప్రొఫెసరు కదా, సొంతంగా అల్లేసుంటాడు. నువ్వు ఆ బటన్ నొక్కు."

"ఏ బటన్?"

"పబ్లిష్. పేర్లు, పేజీలు ఎక్కించడమే నాకిచ్చినారు. నొక్కేది నువ్వే కదా."

"కాస్త ఆగుదామక్కా. కింద చిన్న సవరణ పెడదాం. ఎనభై దాటిన మనిషి, పాపం..."

"ఐకోనా, కుదరదు. సవరణ వొద్దు. ఆడు రాసింది రాసినట్టే పోవాల."

"ఎందుకంత కసి?"

"సివరి పేజీ సూడు. సూసినావా?"

"'ఈ కూలీలకు తమ ప్రార్థనల అర్థం తమకే తెలియదు. వీరి తెలుగు చచ్చిన భాష.' ఛ."

"మా నాయన బళ్ళో తెలుగు క్లాసు పెట్టమని అందరి సంతకాలు తీసుకుని సదువుల ఆఫీసుకి పోయినాడు. అక్కడి దొర ఆ పేజీయే ముందర పెట్టినాడంట. సచ్చిన బాసకి మాస్టరెందుకు అన్నాడంట. నాయన ఇంటికొచ్చి అన్నం తినలేదు. క్లాసు రాలేదు. నాకు తెలుగు అచ్చరం రాదు. నా కూతురు కెరూషాకి అవ్వ అనే మాట తప్ప ఏటీ రాదు."

"ఇప్పుడు రోజులు మారాయి కదా అక్కా. ప్రభుత్వం మీది..."

"ఓటు వచ్చినాది. బాస వచ్చినాదా?"

"సరే, ఇప్పుడు నన్నేం చేయమంటారు?"

"సెప్తాను, ఇను. ఇన్నేళ్ళూ ఈ పత్రిక మూడొందల కాపీలు. సదివేది దొరలే, ఒక్కడికీ తెలుగు రాదు. అందుకే ఆడు పండితుడు. ఇప్పుడీ సాఫ్ట్‌వేరు ఎవరో ఊరికే ఇచ్చినారు అన్నావు. సదవడానికీ ఎవరూ ఏటీ అడగరు అన్నావు. మీ ఏలూరులో తెరుసుకుంటాదా?"

"ఏలూరేమిటి, ఎక్కడైనా తెరుచుకుంటుంది."

"మీ ఊరోళ్ళందరూ సదివి నవ్వాల. ఆడు బతికుండగానే నవ్వాల."

"నా ఉద్యోగానికి ఎసరు పెట్టేలా ఉన్నారు."

"పాత సంచికలో ఒక్క అచ్చరం మార్చకూడదని నువ్వే నేర్పినావు. రూలు ప్రకారమే నొక్కమంటున్నాను."

"నేర్పాను, నా ఖర్మ. ఆ చివరి పేజీ చదివాక నాకూ ఒళ్ళు మండుతోంది. సరే, నొక్కుతున్నా. ఇదిగో, ఎక్కింది."

"నీ నోట్లో సక్కెర పొయ్య."

"రచయిత అడ్రసు ఎక్కించాం కదా, ఈ ప్రోగ్రామే ఆయనకి మెయిలు పంపుతుంది, మీ వ్యాసం ఎక్కిందని."

"పంపనీ. తెరిసి సూసుకోనీ. నలబై ఏళ్ళు మమ్మల్ని నోరు లేనోళ్ళని సేసినాడు. ఆడి మొకం ఒక్కసారి సూడాలని ఉన్నాది నాకు."

"అక్కా, అప్పుడే జవాబు వచ్చేసింది."

"ఏటంటాడు? తీసెయ్యమని ఏడుస్తాడా?"

"థ్యాంక్స్ చెబుతున్నాడు. 'ఆ ప్రార్థన అందరికీ అందినందుకు చాలా సంతోషం. నా భార్య మ్యాగీకి అదంటే ప్రాణం. పోయినేడు ఆమె కన్నుమూసే ముందు కోరింది కనుక, సమాధి రాతి మీద అవే మాటలు చెక్కించాను.'"

"ఏ మాటలు?"

"అవే. నీ నోట మన్ను పడ. సమాధి మీద! అక్కా, మీ అవ్వ గెలిచింది. ఇంతకన్నా ఏం కావాలి మీకు?"

"తీసెయ్."

"ఏమిటి?"

"తీసెయ్ తమ్ముడూ. ఎవరూ సదవక ముందే తీసెయ్."

"ఇప్పటిదాకా నొక్కు నొక్కు అని ప్రాణం తీశారు కదా."

"మ్యాగీ కూడా వచ్చినాది ఆ పొద్దు. నన్ను ఒళ్ళో కూసోబెట్టుకుని జడ వేసినాది. అంత మంచిగా నన్ను ఎవరూ ముట్టుకోలేదు."

"బాధే అక్కా, కాదనను. కానీ ఆయన సొంతంగా అల్లిన అర్థానికి మీరేం చేస్తారు?"

"ఆడు అల్లలేదు. పదేళ్ళదాన్ని నాను. అవ్వ దొరని తిట్టినాదని తెలిస్తే బారక్సులోంచి గెంటేస్తారని బయపడినాను. మీ అవ్వ ఏటంటున్నాది అని మ్యాగీ నన్నే అడిగినాది. ప్రార్థన అని సెప్పింది నానే."