ఇవాళ్టి దాల్చా రుచి నాకు తెలియదు

వేదిక మీద కూర్చున్న మన చీఫ్ వార్డెన్ విష్ణువర్ధన్ గారికి, నా బుగ్గ వాపు చూసి పారిపోకుండా వైద్యం చేసి, ఇవాళ పక్కనే కుర్చీ వేసుకున్న పళ్ల డాక్టరు నవనీత గారికి, పొద్దుటి నుంచి పొయ్యిల దగ్గర నిలబడి ఇప్పుడు గోడలకు ఆనుకున్న మా మెస్ సిబ్బందికి, బగారా అన్నం వాసన పట్టుకుని గంట ముందే వచ్చి బెంచీలు ఆక్రమించిన హాస్టల్ పిల్లలకు, లాలాగూడ నుంచి ఆటో కట్టించుకుని వచ్చిన మా ఇంటివాళ్లకు ఇవాళ రిటైరవుతున్న ఈ పరశురాం నమస్కారాలు. వంటవాడి చేతికి మైకు ఇస్తే అన్నం చల్లారిపోతుందని మీ భయం. కంగారు పడకండి, గిన్నెల మీద మూతలు పెట్టే వచ్చాను. (నవ్వులు)

వార్డెన్ గారు ఇందాక నా నాలుకను చాలా పొగిడారు. ఎడమ అరచేతిలో ఒక్క చుక్క వేసుకుని నాకితే చాలు, హాస్టల్ మొత్తానికీ వండిన పప్పులో ఏది తక్కువైందో చెప్పేస్తాడన్నారు. నిజమే సార్. ఈ మెస్‌లో ఏ గిన్నె దిగినా రుచి చూసింది నేనే, ఇంకొకరి అరచేతిలో చుక్క పడనివ్వలేదు. మీరు మాత్రం ఎప్పుడొచ్చినా "ఏమప్పా పరశురాం, కారం యాడికి పోయినాది?" అనే అడిగేవారు. అది మీ కడప నాలుక, దానికి నేను బాధ్యుణ్ణి కాను. (నవ్వులు) దాంతోపాటు ఇంకోటి కూడా అడిగేవారు, నీ తర్వాత పెద్ద వంటమనిషి ఎవరని. నేనేమో "చూద్దాం సార్" అని తప్పించుకునేవాణ్ణి. మొన్న మీకు ఓపిక నశించి, ఇవాళ్టిలోగా పేరు చెప్పకపోతే బయటి మనిషిని పెడతామన్నారు. ఆ జవాబు చెప్పే ముందు సభకు ఒక రహస్యం చెప్పాలి. మీరు పొగిడిన ఆ నాలుక ఇవాళ సెలవులో ఉంది.

ఎందుకంటారా? కిందటి వారం నా దవడ పన్ను కింద చీము పట్టింది. బుగ్గ పూరీలా పొంగింది. మా స్టోర్ కీపర్ ఎంకన్న, అదిగో ఆ మూల తల దించుకుంటున్నాడే, ఆయనకు నా మీద ప్రేమ ఎక్కువ. జేబులోంచి సగం వాడిన గోలీల షీటు తీసి, "మా బామ్మర్ది దగ్గుకు తెచ్చినయి, మిగిలినయి. ఏస్కో అన్నా, అన్నిటికి గిదే మందు" అన్నాడు. జీలకర్ర అడిగితే సోంపు కొలిచి ఇచ్చే చెయ్యి కదా, మందుల దగ్గర మాత్రం మారుతుందా! (నవ్వులు) ఎవరి దగ్గుకో రాసిన గోలీ నా పంటికెందుకని మా ఆవిడ బాలలక్ష్మి నన్ను చెయ్యి పట్టుకుని నవనీత గారి దగ్గరికి లాక్కెళ్లింది. ఎంకన్న కూడా వెంట వచ్చాడు.

మేడం ముందు చీము తీశారు. ఏ మందైనా పడదా, లివర్ జబ్బుందా, రక్తం పలచబడే గోలీలు వాడుతున్నావా అని పెళ్లి సంబంధం వాళ్లకంటే ఎక్కువ ప్రశ్నలు వేశారు. తర్వాత మెట్రోనిడజోల్ అనే మందు రాశారు. గాలి సోకని చోట పెరిగే క్రిముల మీద అది పనిచేస్తుందట, జలుబుకూ దగ్గుకూ కాదట. ఎంకన్నా, విన్నావా? "అన్నం తిన్నంక ఏస్కో పరశురామన్నా. కడుపుల తిప్పినట్టయితది, తలనొస్తది, మూత్రం రంగు ముదురుతది, గాబరా పడకు. దద్దుర్లొచ్చినా, కాళ్లు చేతులు తిమ్మిరెక్కినా మాత్రం వెంటనే నా దగ్గరికి రా. గోలీలు ఒడిసినంక గూడ మూడు రోజుల దాంక మందు సీసా ముట్టొద్దు" అన్నారు. అది వినగానే ఎంకన్న కుర్చీలో కూలబడ్డాడు. ఇవాళ సాయంత్రం తార్నాకలో నా రిటైర్మెంట్ దావత్ పెట్టించింది ఆయనే. "మేడం, రిటైరైనోడు సోడా తాగుకుంట కూసుంటడా?" అని ఆయన బతిమాలుతున్నప్పుడే, ఈ గోలీలకు నోట్లో ఇనుము రుచి తగులుతుందని కూడా మేడం చెప్పారట. ఎంకన్న దుఃఖంలో అది నా చెవిన పడలేదు.

మర్నాడు పొద్దున టీ నోట్లో పోసుకుని, "ఏ తుప్పు గిన్నెల కాచినవే?" అని మా ఆవిడ మీద లేచాను. "గిన్నె మంచిగనే ఉన్నది, తుప్పు నీ నోట్లున్నది" అంది. (నవ్వులు) నవ్వకండి, వంటవాడికి ఇంతకంటే పెద్ద కష్టం లేదు. నా చేతి చివరి వంట దగ్గర పడుతోంది, ఏది తిన్నా నాలుక మీద మేకు పెట్టినట్టుంది. వాపు ఎలాగూ తగ్గింది కదా, గోలీలు ఆపేస్తే నాలుక తిరిగొస్తుందని లెక్క వేసుకున్నాను. "రేపు మల్ల షురూ చేద్దువు తియ్, గోలీ ఏమన్న అలుగుతదా?" అని ఎంకన్న దన్ను. సరేనని మేడంను అడిగాను. ఆమె కసురుకోలేదు. "ఆపితే క్రిములు మల్ల లేస్తయన్నా. నాలుక దానంతట అదే వస్తది, దవడ రాదు" అన్నారు. అందుకే గోలీలు ఆపలేదు.

ఇవాళ పొద్దున బగారా అన్నంలోకి సొరకాయ వేసిన పప్పు, అదే దాల్చా, ఉడుకుతుంటే అలవాటుగా అరచేతిలో చుక్క వేసుకున్నాను. ఇనుమే. ఉప్పు చాలలేదేమోనని గుప్పెడు తీశాను. నా పక్కన నిలబడి ఇన్నేళ్లూ ఉల్లిగడ్డలు కోసిన శివమ్మ నా మణికట్టు పట్టుకుంది. "ఆగన్నా, గంత ఉప్పేస్తే పోరగాళ్లు తింటరా?" అంది. నీకేం తెలుసన్నాను. "తెల్వది. చూడనిస్తే తెలుస్తది" అంది.

గరిటె ఇచ్చాను. ఆమె తన అరచేతిలో చుక్క వేసుకుని, కళ్లు మూసుకుని, కొంచెం చింతపులుసు పోసి, చిటికెడు ఉప్పు వేసి, మూత పెట్టింది. అంతే. నన్ను అడగలేదు. నాకు భయమేసింది. ఉప్పు తప్పుతుందేమోనని అనుకుంటున్నారా? సరిపోతుందేమోనని! నేను లేకపోయినా ఈ పొయ్యి మండుతుందని అప్పుడు తెలిసింది. బాధగానే ఉంది, అబద్ధమెందుకు? ఆ తర్వాత వెళ్లి స్టూలు మీద కూర్చున్నాను. ఈ మెస్‌లో పొయ్యి వెలుగుతుండగా నేను కూర్చోవడం అదే మొదటిసారి.

అందుకని వార్డెన్ గారూ, నా జవాబు గిన్నెలో ఉంది. ఇవాళ్టి దాల్చా రుచి పూర్తిగా శివమ్మది, నా నాలుక ప్రమేయం ఏమీ లేదు. తిని చూడండి. కారం యాడికి పోయినాదో ఆమెనే అడగండి. (చప్పట్లు) బయటి మనిషి అవసరమో కాదో ఆ తర్వాత మీరే చెప్పండి.

నన్ను ఇన్నేళ్లు భరించినందుకు, ఈ శాలువాకు, మేడం కాపాడిన ఈ దవడకు, అందరికీ నా కృతజ్ఞతలు. ఎంకన్నా, దావత్‌లో సోడా నాకు, మిగిలింది నీకు. నేను మీతోపాటే పంక్తిలో కూర్చుంటాను, తిన్నాక గోలీ వేసుకుంటాను. రుచి తెలియని వాణ్ణి కనక మీ ముఖాలు చూసి తెలుసుకుంటాను. శివమ్మా, మూతలు తియ్యి తల్లీ. సెలవు.