హిరోనుమ గారి పగలని బిళ్ల

"అసలు పగులంటే ఏంటో నాకు తెలీదమ్మాయ్," అన్నాడు హిరోనుమ, నూడుల్స్ కొట్టులో తన గిన్నె పక్కకి జరిపి. జపాన్‌లో, సెండాయ్‌లోని ఒక యూనివర్సిటీలో ఆయన ముప్పై ఏళ్ళుగా ఫర్నేస్‌లు చూసుకుంటున్నాడు. కోతలు కోయడం కూడా అన్నేళ్ళ నుంచే.

ఎదురుగా సరన్‌గెరెల్ తల వంచుకుని కూచుంది. రెండు యూనివర్సిటీల ఒప్పందం మీద మంగోలియా నుంచి శిక్షణకి వచ్చిన మొదటి పిల్ల. రెండు నెలలు కష్టపడి చేసిన పింగాణీ బిళ్ల పొద్దున పగిలిపోయింది. ఆత్రం పట్టలేక, ఫర్నేస్ చల్లారకముందే తలుపు తీసింది మరి. ఇక నా వల్ల కాదు, వచ్చేస్తానని అక్కడి ప్రొఫెసర్‌కి ఫోన్లో ఉత్తరం రాసి పెట్టుకుంది. అది పంపితే అక్కడి నుంచి ఇంకో పిల్లని పంపడం కల్ల.

"నా మొట్టమొదటి బిళ్ల వెంట్రుకవాసి గీత లేకుండా వచ్చింది. సుత్తితో కొడితే సుత్తే పగిలింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మనతో ఒప్పందం ఉన్న జర్మనీ వాళ్ళు వజ్రాల రంపం పట్టుకొచ్చారు. రంపం పళ్ళన్నీ రాలిపోయాయి. తెచ్చిన పెద్దాయన అక్కడే కూలబడ్డాడు, పాపం."

"రైలు కింద పెట్టలేదా బాబాయ్?" అంది సరన్‌గెరెల్, నవ్వకూడదనుకుంటూనే.

"పెట్టకేం? రైలు ఎగిరి తర్వాతి స్టేషన్‌లో పడింది, అదీ రెండు నిమిషాల ముందు. ముందొచ్చినందుకు స్టేషన్ మాస్టరు అందరికీ వంగి వంగి క్షమాపణ చెప్పుకున్నాడు. చివరికి అగ్నిపర్వతం నోటికి మూతగా పెట్టారు. ఇప్పటిదాకా కిక్కురుమనలేదది."

కొట్టు నడిపే కినుయో అవ్వ గరిటె కింద పెట్టింది. "ఏవయ్యా, నీ మొదటి బిళ్ల ఏడు ముక్కలైతే ఇదే బల్ల మీద తల పెట్టుకుని ఏడవలా? ఎర్రగా ఉండగానే తలుపు తీశానన్నావు. ఇంటికి పోతానని సంచీ కూడా సర్దుకొచ్చావు."

హిరోనుమ ముఖం చిన్నబోయింది.

"ఏడు కాదు, పదకొండు," అన్నాడు మెల్లిగా. "అన్నీ నా సొరుగులోనే ఉన్నాయి. ఎవరికీ చూపించలేదు."

సరన్‌గెరెల్‌కి ఈ కోతలన్నీ తనని నవ్వించడానికేనని తెలిసి, ఆ పెద్దాయన మీద చెప్పలేనంత ఇష్టం కలిగింది. ఫోన్ తీసి ఉత్తరం చెరిపేసింది.

"రేపు ఇంకో బిళ్ల పెడదాం బాబాయ్," అంది. "చల్లారేదాకా తలుపు నేను ముట్టుకోను. మీరూ ముట్టుకోకండి."